బుంగమూతి వదిలేసిన స్వరం

బుంగమూతికి గడకర్ర అంటే గిట్టదు. గడకర్రకు బుంగమూతి పొడ కూడా గిట్టదు. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. తెలియనట్టు నటించడం గొడవలు మొదలయ్యాక జనానికి పట్టుకున్న రోగం.

ఇద్దరూ మునిసిపల్ బ్యాండులో పెద్ద బాకా ఊదేవాళ్ళు. పెద్ద బాకా అంటే ఒళ్ళో కూర్చోబెట్టుకుని రెండు చేతులా వాటేసుకుంటే తప్ప నిలవని ఇత్తడి వాయిద్యం. దాని నోరు ఆకాశం వైపు తెరుచుకుని ఉంటుంది. బ్యాండు వాళ్ళు దాన్ని ఏనుగు అంటారు. బ్యాండు మొత్తానికి ఏనుగులు రెండే. ఒకదాని వెనక బుంగమూతి, రెండోదాని వెనక గడకర్ర.

బుంగమూతి అసలు కుళాయిల పనివాడు. పని తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. కుర్రతనంలో బ్యాండు హాల్లో నీళ్ళ గొట్టం పగిలితే బాగుచేయడానికి వెళ్ళి, మూలన సొట్టలు పడి ఉన్న ఏనుగును చూశాడు. "ఇదీ గొట్టమేగా" అనుకున్నాడు. సొట్టలు తీశాడు. బిగుసుకుపోయిన మీటలు విడదీశాడు. బాగైందో లేదో చూద్దామని మూతి పెట్టి ఊదాడు. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. అప్పటి బ్యాండు మేస్టారు పక్కగదిలోంచి పరుగెత్తుకొచ్చి, వాడి బుగ్గల వైపు చూసి, "మూతి ఎలాగూ బుంగలా ఉంది, ఇక ఇంటికెందుకు పోవడం? ఇక్కడే ఉండు" అన్నాడు. పేరూ ఉద్యోగమూ ఒకే పూట దొరికాయి. స్వరాలు చదవడం పక్కవాళ్ళ కాగితాల్లోకి తొంగిచూసి, తిట్లు తిని, తనకు తానే నేర్చుకున్నాడు. ఆ తర్వాత పేరుకు తగ్గ స్వభావం కూడా వచ్చి చేరింది. నవ్వితే ముత్యాలు రాలతాయన్నట్టు ముఖం ముడుచుకునే ఉండేవాడు. భార్య మాత్రం, "ముందునుంచీ అంతే, బాకా మీద నెపం పెట్టకండి" అనేది.

గడకర్ర ఆ గట్టు వాళ్ళ మనిషి. ఊరి మధ్య ఏరు ఉంది. అటువైపున ఎక్కువగా ఉండే జాతి వాళ్ళ మాట వేరు, మొక్కు వేరు, తల దువ్వుకునే తీరు కూడా వేరు. వాళ్ళలో ఎందరో తరాలుగా ఈ గట్టునే ఇళ్ళు కట్టుకుని ఉన్నా, ఊరు వాళ్ళను ఆ గట్టు వాళ్ళనే అంటుంది. గడకర్ర తాత పుట్టింది కూడా ఈ గట్టునే. మనిషి పొడుగు, సన్నం. ఏనుగు వెనక కూర్చుంటే వాడు దాన్ని మోస్తున్నాడో అది వాడిని మోస్తోందో తెలిసేది కాదు. కానీ ఆ ఎండుకట్టె ఛాతీలో ఎంత గాలి పట్టేదో!

ఇద్దరి కుర్చీలూ పక్కపక్కనే. ఒకరు ఎడ్డెమంటే ఇంకొకరు తెడ్డెం. మోచెయ్యి తగిలిందని తగువు, ఎంగిలి చొక్కా మీద చిందిందని తగువు, కాగితం నీవైపుకు లాక్కున్నావని తగువు. "ఊదడం తర్వాత, ముందు స్నానం చెయ్" అని ఒకడంటే, "నీ బాకాలోంచి వచ్చేది స్వరమా, అజీర్ణమా?" అని ఇంకొకడు. బ్యాండు బయట దారిలో ఎదురుపడితే ఇద్దరూ చెరో వైపుకు తిరిగి ఉమ్మేవాళ్ళు. ఒకరింటి శుభానికి ఒకరు వెళ్ళి ఎరగరు.

అయినా వాళ్ళిద్దరి మధ్యా ఒక పని ఉంది. ఆ పని కోసం ఒకరి ఊపిరి ఒకరికి తెలిసి ఉండాలి.

ఊరి పాట అని ఒకటుంది. పాతది. జెండా ఎత్తే ప్రతి సభలోనూ బ్యాండు అదే వాయిస్తుంది. పాట చివర మిగతా వాయిద్యాలన్నీ ఆగిపోతాయి. ఏనుగులు ఒకే ఒక్క స్వరం, అన్నిటికన్నా కిందిది, పట్టుకుని ఉంటాయి. బ్యాండు వాళ్ళు దానికి పెట్టుకున్న పేరు నేల. ఆ మోత కింద జనమంతా నిలబడి ఉంటారు, పెద్దమనిషి తాడు లాగుతూ ఉంటాడు, జెండా పైకి వెళుతూ ఉంటుంది. జెండా కొసకు తగిలేదాకా నేల ఆగకూడదు. అది ఆ ఊరి పద్ధతి. తాడు లాగే పెద్దమనిషి ముసలివాడైతే ఊదేవాళ్ళ పని అయిపోయినట్టే.

అంతసేపు ఒక మనిషి ఊదలేడు. అందుకే ఏనుగులు రెండు. ఒకడి ఊపిరి అయిపోవస్తుంటే రెండోవాడు మెల్లగా కిందినుంచి అందుకుంటాడు. వినేవాడికి అతుకు తెలియకూడదు. చేతులు ఖాళీ ఉండవు, నోరు ఖాళీ ఉండదు, కాబట్టి సైగ మోకాలితో. అయిపోయినవాడు పక్కవాడి మోకాలిని తన మోకాలితో పొడుస్తాడు. పొడవగానే తను మూతి తీసేసి, ఒళ్ళంతా నోరు చేసుకుని గాలి పీలుస్తాడు. ఎన్నో ఏళ్ళు అలా గడిచాయి. రెండు మోకాళ్ళూ ఒకదానితో ఒకటి మాట్లాడుకున్నన్ని మాటలు ఆ రెండు నోళ్ళూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

గొడవలు ఎలా మొదలయ్యాయో ఎవరి కథ వాళ్ళకుంది. మార్కెట్టు దగ్గర కొట్లాట అని కొందరు, ఏటి నీళ్ళ దగ్గరని కొందరు. రెండు ప్రాణాలు పోయాయి, తర్వాత ఇరవై, తర్వాత లెక్క చెప్పేవాళ్ళు లేరు. వంతెన మీద ఇసుక బస్తాలు లేచాయి. ఈ గట్టున రక్షణ కమిటీ అని ఒకటి వెలిసింది. దాని అధ్యక్షుడు సిమెంటు కొట్టు యజమాని. అంతా ఆయన్ని సిమెంటాయన అంటారు. మనిషి కూడా అలాంటివాడే. మొదట మెత్తగా ఉంటాడు, కాసేపు ఆగితే గట్టిపడతాడు.

ఒక ఉదయం బ్యాండు హాలుకు కమిటీ వాళ్ళు వచ్చారు. ఆ గట్టు జాతి వాయిద్యగాళ్ళందరినీ లేచి నిలబడమన్నారు. లేచినవాళ్ళను అలాగే నడిపించి వంతెన దాకా తీసుకెళ్ళి ఆ గట్టుకు పంపేశారు. గడకర్ర లేస్తూ బుంగమూతి వైపు చూశాడు. వాళ్ళు గడప దాటాక బుంగమూతి కుర్చీ కాస్త జరుపుకుని మోచెయ్యి ఆడించి చూసుకున్నాడు. ఇన్నాళ్ళకు చోటు దొరికింది.

కమిటీ రెండో పని పాట మీద చేసింది. ఊరి పాటలో ఏరూ, రెండు గట్లూ, పంటలూ అని ఉన్న మాటలు తీసేసి, తరుముదాం, తగలెడదాం అని కొత్తవి పెట్టించింది. వరస మాత్రం పాతదే. బ్యాండు మేస్టారు కాగితం తెచ్చి చదువుతుంటే కొందరు తలలు దించుకున్నారు.

"మీరేమంటారు?" అని మేస్టారు బుంగమూతిని అడిగాడు. మేస్టారు మంచివాడే, కాకపోతే భయస్థుడు. చేతిలో బెత్తం ఎప్పుడూ వణుకుతూ ఉండేది కాబట్టి తాళం ఎక్కడ పడుతోందో చూసి కాదు, విని తెలుసుకోవాలి.

"నాకేం? బాకాకు మాటలుండవు. ఏం పాడినా ఆ పాపం పాడినవాళ్ళదే."

"అయితే సరే."

"సరే కాదు మేస్టారూ. జెండా కర్ర చూశారా?"

చౌరస్తాలో పాత కర్ర పీకేసి, కమిటీ వాళ్ళు ఇనుప స్తంభం పాతించారు. అది పక్కనున్న మేడను కూడా దాటిపోయింది.

"స్తంభం పొడుగు పెంచారు, ఊదేవాళ్ళను తగ్గించారు. నేల ఎవరు పట్టాలి? నేనొక్కణ్ణి పడితే జెండా స్తంభం నడుములోనే ఆగిపోతుంది. వెనక డ్రమ్ము మోత పెట్టించండి. నా ఊపిరి తెగినప్పుడు అది కప్పేస్తుంది."

మేస్టారు వెళ్ళి సిమెంటాయనకు చెప్పి తిరిగొచ్చాడు. వచ్చినవాడి ముఖం వెళ్ళినవాడి ముఖంలా లేదు. "డ్రమ్ము వద్దన్నారు. మన గట్టు వాళ్ళకు ఆ మాత్రం ఊపిరి లేదా అని అడిగారు."

అడిగితే ఏం చెబుతాడు? లేదంటే చేతగానివాడు, ఉందంటే అబద్ధాలకోరు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. బుంగమూతికి పట్టుదల వచ్చింది. గడకర్ర లేకపోతే బ్యాండు నడవదా, చూద్దాం అనుకున్నాడు.

కమిటీ జెండా ఎత్తే సభ రోజు ఎండ మండిపోతోంది. వేదిక మీద కుర్చీలు వేసినవాడు పాత లెక్క ప్రకారం వేశాడు. గడకర్ర కుర్చీ పక్కనే ఖాళీగా ఉంది. బుంగమూతి చెమట పట్టిన టోపీ తీసి దాని మీద పెట్టాడు. ఒళ్ళో ఏనుగు ఉంటే టోపీ ఇంకెక్కడ పెట్టుకోవాలి?

పాట అయింది. జనం గొంతు చించుకున్నారు. వాయిద్యాలన్నీ ఆగిపోయాయి. నేల మొదలైంది. సిమెంటాయన తాడు అందుకున్నాడు. బుంగమూతి కళ్ళు మూసుకుని బాగానే పట్టాడు. ఆ మోత కాళ్ళలోంచి పొట్టలోకి ఎక్కుతోంది. ఇంకా ఊపిరి ఉంది. నిజంగానే ఉంది. కానీ పాత చోటు రాగానే మోకాలు తనంతట తాను కదిలి పక్కకు పొడిచింది. మూతి తనంతట తాను ఊడొచ్చింది. ఛాతీ తెరుచుకుని గాలి పీల్చింది. అందుకోవాల్సినవాడు అందుకోలేదు.

చౌరస్తా అంతా చెవుడు వచ్చినట్టయింది. ఆ నిశ్శబ్దంలో మోకాలి దెబ్బ తగిలిన ఖాళీ కుర్చీ దభేలున వెనక్కి పడింది. టోపీ దొర్లుకుంటూ పోయి వేదిక అంచున ఆగింది. జెండా సగంలో ఆగింది, ఎందుకంటే సిమెంటాయన తాడు పట్టుకుని వెనక్కి తిరిగి చూస్తున్నాడు.

బుంగమూతి మళ్ళీ మూతి పెట్టేలోపు మొదటి రాయి వచ్చి ఏనుగుకు తగిలింది.

ఆ సాయంత్రమే పంచాయితీ. కమిటీ ఆఫీసు అంటే సిమెంటు గోదాం. బస్తాల మధ్య బల్ల, బల్ల వెనక సిమెంటాయన. పక్కన చేతికి కమిటీ గుడ్డ కట్టుకుని బుంగమూతి బావమరిది. కమిటీలో చేరినప్పటినుంచీ వాడు ఇంట్లో కూడా ఆ గుడ్డ విప్పడం లేదు.

"ఎవరు ఆపమన్నారు?" అన్నాడు సిమెంటాయన మెత్తగా.

"ఎవరూ ఆపమనలేదు. అలవాటు."

"ఆ గట్టు వాడు అందుకునే చోటే ఆగింది నీ అలవాటు."

"అక్కడే కదండీ అలవాటు!"

"టోపీ తీసి వాడి కుర్చీలో పెట్టావు. మర్యాద చేశావు."

"చెమట పట్టిందండీ."

"కుర్చీ తన్నావు. ఖాళీ కుర్చీ అందరూ చూడాలని."

"సైగ చేశాను."

"ఎవరికి?"

ఉన్నదంతా చెబితే ఇంకా పిచ్చిగా ఉంటుంది. బావమరిది మధ్యలో దూరాడు. "బావా, తప్పయిందని చెప్పెయ్. నా తల తీసేస్తున్నావు. నీ మూలంగా నన్నూ అనుమానంగా చూస్తున్నారు."

"తప్పే. అదే చెబుతున్నాను మొదటినుంచీ. తప్పు."

"అలా కాదు. కావాలని చేసిన తప్పు అని ఒప్పుకో, తర్వాత క్షమించమను."

"కావాలని చేస్తే అది తప్పెలా అవుతుందిరా? కావాలని చేసినట్టవుతుంది."

గోదాంలో ఎవరో కిసుక్కుమన్నారు. సిమెంటాయన గట్టిపడడం అప్పుడే మొదలైంది. రాబోయే సభలో మైకు ముందు క్షమాపణ చెప్పాలి, అదే పాట అదే స్తంభం కింద వాయించాలి, నేల తెగకూడదు. తెగితే బ్యాండులో కుర్చీ పోతుంది, మునిసిపాలిటీ ఇచ్చిన ఇల్లు పోతుంది, తర్వాత ఏం పోతుందో చెప్పలేనన్నాడు.

ఇటు వాళ్ళు ద్రోహి అంటుంటే అటు వాళ్ళు వీరుడన్నారు. ఆ గట్టు రేడియోలో వాళ్ళ నాయకుడెవరో మాట్లాడుతూ, పీడకుల నడిబొడ్డున ఒక కళాకారుడు మౌనంతో గర్జించాడని అన్నాడు. గోడకు అవతలి ఇంటివాళ్ళు రేడియో గొంతు పెంచి మరీ వినిపించారు. మర్నాడు తలుపు మీద తారుతో బూతులు. పాలవాడు గుమ్మం దాటిపోయాడు. కుళాయి దగ్గర భార్య బిందె పక్కకు తన్నేశారు.

ఊళ్ళోనే శాంతి సంఘం వాళ్ళమంటూ ఇద్దరు ముగ్గురు పెరటి దారిన వచ్చారు. "మీ మౌనం వెయ్యి పాటల పెట్టు" అన్నారు.

"అది మౌనం కాదు, ఊపిరి తీసుకోవడం" అన్నాడు బుంగమూతి.

"ఆహా, ఎంత బాగా చెప్పారు! దీన్ని రాసుకోవచ్చా?"

"పెరటి తలుపు అటుంది" అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక భార్య అంది: "రాళ్ళు వేసేవాళ్ళను ఇంటి మీదికి తెచ్చుకుంటారు, పొగిడేవాళ్ళను తరుముతారు. మీతో కాపురం చేయడానికి రాతిగుండె కావాలి. సరే గానీ ఆ సామాను పెట్టెలో మెరిసేది ఏంటి?"

అది గడకర్ర మౌత్‌పీసు. ఏనుగు మునిసిపాలిటీదే గానీ మూతి పెట్టి ఊదే ఆ చిన్న ఇత్తడి గిన్నె ఎవరిది వాళ్ళదే. ఒకడి ఎంగిలిది ఇంకొకడు ముట్టడు. ఆ రోజు ఉన్నపళాన నడిపించుకుపోతే గడకర్రది బ్యాండు హాల్లో ఉండిపోయింది. ఎవరో తొక్కేస్తారని బుంగమూతి జేబులో వేసుకొచ్చాడు.

"నెత్తి మీద కొరివి పెట్టుకుని ఇంట్లో తిరుగుతున్నారా? రేపు సోదా చేస్తే నా తమ్ముడే ముందు చూస్తాడు. ఏట్లో పారేసి రండి."

"ఏట్లో పారేయడమేంటే? బాగా అరిగి నునుపు తేలిన సరుకు. ఇప్పుడు అలాంటిది దొరకదు."

"అయితే వాడికే ఇచ్చి రండి, మహానుభావా!"

వంతెన మీద వారానికోసారి పొద్దున పూట తాడు కట్టి, మధ్యలో సైనికుల్ని నిలబెట్టి, ఇటు మిగిలిపోయిన సామాను అటువాళ్ళకు, అటు మిగిలినది ఇటువాళ్ళకు అందుకోనిచ్చేవాళ్ళు. కుట్టుమిషన్లు, పరుపులు, పటాలు చేతులు మారేవి. రెండు గట్లకూ తిరిగే అంబులెన్సు డ్రైవరుతో కబురు పంపితే గడకర్ర వచ్చాడు. ఇంకా సన్నబడ్డాడు. తాడుకు అటు నిలబడి తిట్టడంతోనే మొదలుపెట్టాడు.

"నా మౌత్‌పీసు ఇన్నాళ్ళూ నీ జేబులో ఎందుకుంది?"

"పూజ చేసుకుంటున్నాను. ఇదిగో, తీసుకుని పో."

"ఎక్కడా నొక్కుకుపోలేదు కదా?" వాడు వెలుగులో తిప్పి తిప్పి చూశాడు. "నువ్వు నన్ను చంపేశావు, తెలుసా? నువ్వూ నేనూ అన్నదమ్ములమని మావాళ్ళు పాట కట్టారు. సభల్లో నన్ను దాన్ని వాయించమంటున్నారు. ఇంకో జట్టు వాళ్ళేమో, శత్రువుల్లో నీకు అన్నదమ్ములున్నారా అని రోజూ పిలిచి అడుగుతున్నారు."

"అన్నదమ్ములమా? ఛీ!"

"నేనూ అదే అన్నాను. వినరు."

సైనికుడు త్వరగా కానివ్వమని తుపాకీ మడమతో తాడును తట్టాడు. బుంగమూతి అసలు అడగాలనుకున్నది అప్పుడు అడిగాడు, అడుక్కుంటున్నట్టు కాకుండా పోట్లాడుతున్నట్టు. "వచ్చే సభలో నేనొక్కణ్ణే పట్టాలి. నాకు ఊపిరి ఉంది. చోటు రాగానే మూతి ఊడొచ్చేస్తోంది. ఎలా?"

గడకర్ర నవ్వాడు. ఆ నవ్వులో స్నేహం లేదు. "నీకు ఊపిరి ఉందా? ఎన్నేళ్ళనుంచో నువ్వు పొడవకముందే నేను అందుకుంటున్నాను. నీ స్వరం వణకడం మొదలవగానే కిందినుంచి వచ్చేసేవాణ్ణి. నీ చివరి ముక్కంతా నాదే. నువ్వు ఉత్తినే బుగ్గలు ఉబ్బించుకుని కూర్చునేవాడివి."

"నువ్వు ముందే దూరితే నేనెందుకు ఊదాలి? గాలి దాచుకునేవాణ్ణి."

"దాచుకున్నది ఇప్పుడు ఊదు మరి!"

"నువ్వు ఊదు చూద్దాం ఆ స్తంభానికి!"

"నా వల్లా కాదు" అన్నాడు గడకర్ర, తిట్టే గొంతుతోనే. "ఏ ఒక్కడి వల్లా కాదు. రాసినవాడే ఇద్దరికి రాశాడు." మౌత్‌పీసు జేబులో వేసుకుని, వీడ్కోలు మాట లేకుండా వెళ్ళిపోయాడు. నడుస్తూనే ఏటివైపు ఉమ్మాడు. బుంగమూతి కూడా ఇటు ఉమ్మాడు.

తిరిగొచ్చి మేస్టారుతో సూటిగా చెప్పాడు. "క్షమాపణ చెబుతాను. ఆ తరుముదాం పాటంతా వాయిస్తాను. నేల మాత్రం నా వల్ల కాదు. కుదిస్తారో, డ్రమ్ము పెడతారో, ఇంకో మనిషిని చూస్తారో మీ ఇష్టం."

మనిషి దొరకలేదు. ఏనుగు మోయగలిగినవాళ్ళంతా తుపాకులు మోస్తున్నారు. అప్పుడు సిమెంటాయన బుర్రలో ఉపాయం పుట్టింది. మైకుసెట్టు వాడి దగ్గర కీబోర్డు పెట్టె ఉంది. అందులో బాకా గొంతు కూడా ఉంది. ఒక మీట నొక్కి పట్టుకుంటే తెల్లారేదాకా మోగుతుంది. దాన్ని వేదిక కింద గుడ్డ చాటున పెడతారు.

"నువ్వు బుగ్గలు ఉబ్బించి కూర్చో. అంతే. నీ కుర్చీ నీది, నీ ఇల్లు నీది" అన్నాడు సిమెంటాయన. చాలా ఉదారంగా అన్నాననుకున్నాడు.

"ఊదకుండానా?" అన్నాడు బుంగమూతి.

"ఊదకుండానే. కష్టం తగ్గింది కదా!"

ఇంటికొచ్చి చెబితే భార్య తేలికపడింది. "అంతేనా? ఉబ్బించండి, పోయేదేముంది? ఇంట్లో రోజూ చేసేదే కదా!"

బావమరిది కూడా నవ్వాడు. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో నవ్వు వినపడింది. బుంగమూతి మాత్రం అన్నం ముందు నుంచి లేచి, పెరట్లో ఎవరూ అడగని కుళాయి ఒకటి విప్పి మళ్ళీ బిగించాడు. ద్రోహి అంటే పడ్డాడు. వీరుడంటే అది ఇంకా మంట. తిట్టు పాట వాయించడానికి ఒప్పుకున్నాడు, చేయని నేరానికి దణ్ణం పెట్టడానికి ఒప్పుకున్నాడు. అవన్నీ మనుషులతో బతకడానికి కట్టే పన్నులనుకున్నాడు. ఇది మాత్రం ఏ లెక్కలో వేసుకోవాలో తెలియలేదు.

సభ రోజు మైకు ముందు నిలబడి చెప్పమన్నది చెప్పాడు. "తప్పు జరిగింది. క్షమించండి." జనం కేకలు వేశారు. ఒకడు చెప్పు విసిరాడు. అది మేస్టారుకు తగిలింది. పాట మొదలైంది. బుంగమూతి మొదటినుంచి చివరిదాకా స్వరం పొల్లుపోకుండా ఊదాడు. ఆ రోజు ఎప్పటికన్నా బాగా ఊదాడని తర్వాత మేస్టారే, ఎవరూ వినకుండా, అన్నాడు.

వాయిద్యాలన్నీ ఆగాయి. సిమెంటాయన తాడు అందుకున్నాడు. వేదిక కిందినుంచి నేల మొదలైంది.

బుంగమూతి బుగ్గలు ఉబ్బించాడు. స్వరం సరైనదే. శ్రుతిలో వంక పెట్టడానికి లేదు. కానీ అది ఒళ్ళో కదలడం లేదు. ఏనుగు చచ్చిన జంతువులా చల్లగా, బరువుగా ఉంది. మోత ఎక్కడో పాదాల కిందినుంచి వస్తోంది. కాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత ఒళ్ళు తన అలవాటు చొప్పున గాలి పీల్చుకుంది. మోత ఆగలేదు. ఇంకోసారి పీల్చుకున్నాడు. అయినా ఆగలేదు. తను ఉన్నా లేకపోయినా దానికి ఒకటే.

మూతి తీసేశాడు. లేచి, ఏనుగును నోరు కిందికి పెట్టి వేదిక మీద బోర్లించాడు. పక్కన నిలబడి చేతులు కట్టుకున్నాడు.

నేల మోగుతూనే ఉంది.

ముందు వరసలో పిల్లలు మొదట చూశారు. తర్వాత పెద్దవాళ్ళు. జనంలోంచి ఎవడో కేకేశాడు: "ఏనుగు పడుకున్నా ఘీంకారం ఆగలేదురోయ్!" నవ్వు అక్కడ మొదలై చౌరస్తా చివరిదాకా పాకింది. ఆ రోజుల్లో అక్కడ అంతమంది ఒకేసారి నవ్వడం ఎవరూ చూసి ఉండరు. సిమెంటాయన చెవులు ఎర్రబడ్డాయి. తాడు గబగబా లాగేశాడు. జెండా కొసకు చేరింది. గుడ్డ చాటున ఉన్న మైకుసెట్టు వాడికి అది కనిపించలేదు. జెండా చేరినా మోత పోతూనే ఉంది. ఎవరో గుడ్డలోకి కాలితో తన్నాక గానీ ఆగలేదు.

ఆగాక మాత్రం ఎవరూ నవ్వలేదు. నవ్విన నోళ్ళే తిట్టడం మొదలుపెట్టాయి. నవ్విన ముఖం కడుక్కోవడానికి వాళ్ళకూ తిట్టుకునేందుకు ఎవరో ఒకరు కావాలి.

కమిటీ వాళ్ళు బుంగమూతిని బ్యాండు హాలు దాకా నెట్టుకుంటూ తీసుకొచ్చారు. పెదవి చిట్లింది, చొక్కా చిరిగింది. ఏనుగును మాత్రం ఎవరికీ ఇవ్వకుండా తనే మోసుకొచ్చాడు. బయట జనం తలుపు మీద గుద్దుతున్నారు. లోపల తలుపు గడియ వేసి బావమరిది ఒక్కడే ఉన్నాడు, గోడకు ఆనుకుని, ఏడుపూ కోపమూ కలిసిన ముఖంతో.

"అక్కడ పెట్టేసి ఫో బావా. కుర్చీ పోయింది. రేపటికి ఇల్లు ఖాళీ చెయ్యాలి. అక్క ముఖం ఎలా చూస్తావు? బుగ్గలు ఉబ్బించమన్నారు, అంతేగా! ఊరంతా తగలబడుతుంటే దానికా నీ పౌరుషం?"

"ఆ గట్టు వాళ్ళ కోసం కాదురా."

"మరి ఎవరికోసం?"

"ఎవరికోసం కాదు. ఊదకుండా ఊదినట్టు కూర్చోలేకపోయాను."

"ఇది చెబితే ఎవడు నమ్ముతాడు?"

"నమ్మరు" అని ఒప్పుకున్నాడు.

పాత స్టూలు లాక్కుని కూర్చుని ఏనుగును ఒళ్ళోకి తీసుకున్నాడు. అడుగున ఉన్న చిన్న మూత తెరిచి, ఓ పక్కకు వంచి, లోపల చేరిన నీళ్ళు నేల మీదికి వదిలాడు. ఇంకో పక్కకు తిప్పి మిగిలినవి వదిలాడు. తలుపు చెక్క పగిలిన చప్పుడైంది. బావమరిది చేయి పట్టి లాగాడు. "పిచ్చెక్కిందా? ఇప్పుడా ఆ పని?"

"తడి ఉంచితే చిలుము పడుతుంది. ఒక్క నిమిషం."

తన మౌత్‌పీసు ఊడదీసి జేబులో వేసుకున్నాడు. చిరిగిన చొక్కా అంచుతో గొట్టం మూతి చుట్టూ శుభ్రంగా తుడిచాడు. తర్వాత ఎవరు ఊదుతారో తెలియదు. ఎవరైనా సరే, వాళ్ళ నోటికి తన ఎంగిలి తగలకూడదు. తుడవడం అయ్యాక ఏనుగును దాని చోట నిలబెట్టి, పడిపోదని ఒకసారి కదిపి చూసి, పగులుతున్న తలుపు వైపు నడిచాడు.